గాల్లోకి లేచిన పైనీళ్ళు

తియోడూల్‌కి మోకాలు చెడిపోయిందని ఊళ్ళో ఇద్దరికే తెలుసు. ఒకటి తియోడూల్, రెండు ఆ మోకాలు. భార్య బతికుంటే ముగ్గురయ్యేవారు, ఆవిడ దగ్గర ఏదీ దాగేది కాదు. కానీ ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

మామూలు మనిషికి మోకాలు నొప్పి వస్తే కర్ర పట్టుకుని మూలుగుతాడు, నలుగురూ అయ్యో అంటారు, అక్కడితో సరి. తియోడూల్ సంగతి అలా కాదు. ఆయన ఊరి నీటి కాపరి. ఆల్ప్స్ కొండల్లో, వాలిస్ లోయలో, వానలన్నీ కొండకి అవతలే కురిసిపోయే చోట ఉంది ఆ ఊరు. పచ్చిక పెరగాలన్నా, ఆ పచ్చిక ఎండుగడ్డై చలికాలమంతా ఆవుల్ని బతికించాలన్నా, మంచుకొండ ఒళ్ళో ఉన్న సరస్సు నుంచి నీళ్ళు దిగి రావాల్సిందే. పటంలో దానికేదో పేరుంది. ఊళ్ళో మాత్రం అందరూ పైనీళ్ళు అంటారు.

పైనీళ్ళ నోటి దగ్గర మొదలైన కాలువ, కొన్నిచోట్ల రాయి తొలిచిన దారిలో, కొన్నిచోట్ల వేలాడే చెక్క దోనెల్లో, కొండ అంచు పట్టుకుని ఊళ్ళోకి వస్తుంది. సగం దారిలో కాపరి గుడిసె ఉంది. గుడిసె పక్కన కాలువలో ఒక చిన్న నీటిచక్రం, చక్రానికి ఒక చెక్క సుత్తి, సుత్తి కింద ఒక పలక. నీళ్ళు పారుతున్నంతసేపూ సుత్తి పలకని కొడుతూనే ఉంటుంది. టక్... టక్... ఆ చప్పుడు కింద ఊరంతా వినిపిస్తుంది. వసంతంలో కాలువ తెరిచిన రోజు నుంచి మళ్ళీ మంచు పడేదాకా ఊరు ఆ చప్పుడులోనే తింటుంది, నిద్రపోతుంది, దెబ్బలాడుకుంటుంది. అది ఆగిందంటే పైన ఏదో తెగిందనో, అడ్డం పడిందనో లెక్క. సుత్తి ఆగితే పాలు తాగే పిల్ల కూడా లేచి ఏడుస్తుందని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు.

కిందటి అక్టోబరులో కాలువ కట్టేసి వస్తూ తియోడూల్ జారిపడ్డాడు, మోకాలు మెలిపడింది. ఈ ఏడు కాలువ తెరిచాక రోజూ ఠంచనుగా బయల్దేరుతూనే ఉన్నాడు, కాపరి పదవికి గుర్తైన గొడ్డలి నడుముకి వేలాడేసుకుని, ఈల వేస్తూ, అందరూ చూసేలా ఊరి నడిమధ్య నుంచి. చర్చి వెనక మలుపు తిరగ్గానే ఈల ఆగిపోయేది, కుంటడం మొదలయ్యేది. గుడిసె దాకా ఎలాగో ఈడ్చుకుంటూ వెళ్ళి, చక్రం పక్కన కూర్చుని, రొట్టె ముక్కా జున్ను ముక్కా తిని, పైకి చూసి, దిగి వచ్చేసేవాడు. అక్కడి నుంచి పైనీళ్ళకి ఇంకా గంట ఎక్కుడు. సుత్తి కొడుతోంది కాబట్టి పైన అంతా బాగానే ఉన్నట్టే అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. నిజానికి ఆయన్ని మోకాలి నొప్పి అంతగా బాధపెట్టలేదు. తొమ్మిది నెలలుగా ఆ నీళ్ళ మొహం చూడలేదే, అది బాధపెట్టింది.

ఆ రోజు, జూన్ ఆఖరులో వచ్చే యోహాను పండగ తరవాతి ఆదివారం. ఏటా ఆ రోజు చర్చిలో పూజ అయ్యాక, ఊరిపెద్ద అలోయిస్ ఇంటి రాతి నేలమాళిగ ముందు బల్లలు వేసి, కాలువ నీళ్ళు వాడుకునే ఇళ్ళవాళ్ళంతా కాపరి ఎవరో తేల్చుకోవడానికి కూర్చుంటారు. ఊళ్ళో ప్రతి ఇంటికీ బెత్తెడు పొడుగు చెక్క కర్ర ఒకటుంటుంది, దాని మీద ఆ ఇంటి గుర్తు చెక్కి ఉంటుంది. పాత కాపరే ఉండాలనుకుంటే కర్ర బుట్టలో వేస్తారు, వద్దనుకుంటే జేబులో ఉంచుకుంటారు. ఎన్ని కర్రలు పడ్డా, కాలువ కొసన ఉన్న ఇంటి కర్ర పడకపోతే చెల్లదు. నీళ్ళు చివరి మడి దాకా చేరితేనే కాపరి కాపరి అని పాతకాలం వాళ్ళు పెట్టిన కట్టడి. ఆ చివరి మడి సెరఫీనాది. ఆవిడకి మూడావులు, ఒక మడి, నిక్కచ్చి నోరు.

ఇంకో కట్టడి కూడా ఉంది. సుత్తి ఆగితే అందరికన్నా ముందు కాపరే చెప్పాలి. వేరేవాళ్ళు ముందు పసిగడితే గొడ్డలి వాళ్ళకి పోతుంది. పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం సుత్తి ఆగిపోతే, అప్పటి కాపరి ఇగ్నాట్స్ గట్టు మీద కూర్చుని తాపీగా పైపు కాల్చుకుంటున్నాడు. ఆగిందని ముందు అరిచింది తియోడూల్. చెవిటివాడు నీళ్ళకి కాపలా ఏంటయ్యా అని సభలో అన్నదీ తియోడూలే. అలా గొడ్డలి చేతులు మారింది.

ఇగ్నాట్స్‌కి ఇప్పుడు ఎనభై దాటాయి. నేలమాళిగ పక్క నుంచే ఊరి కాలువ పోతుంది. ఎండాకాలమంతా ఆయన బల్ల కొసన కూర్చుని, బూట్లు విప్పి, పాదాలు ఆ నీళ్ళలో పెట్టుకుంటాడు. ఎవరేం చెప్పినా నవ్వుతూ తల ఊపుతాడు. అందుకే కథలు చెప్పేటప్పుడు తియోడూల్ ఆయన వైపే చూసి చెప్పేవాడు. అంతకన్నా మంచి శ్రోత ఎక్కడ దొరుకుతాడు.

అలోయిస్ అందరికీ తెల్లద్రాక్ష సారా పోశాడు, రొట్టె కోశాడు, బుట్ట మధ్యలో పెట్టాడు. కర్రలు ఒకటొకటిగా పడుతున్నాయి. సెరఫీనా మాత్రం తన కర్ర పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

"వేసేముందు ఒక్క మాట అన్నా" అంది. "ఈ వారం నా మడికి నీళ్ళు సన్నగా వస్తున్నాయి. అసలు ఈ ఏడు పైనీళ్ళ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళావు?"

తియోడూల్ చెయ్యి నడుముకున్న గొడ్డలి మీదికి పోయింది. ఒక్కసారి కూడా పోలేదమ్మా అంటే అక్కడితో గొడ్డలి పోతుంది, గొడ్డలితో పాటు పైనీళ్ళూ పోతాయి, కాపరి కానివాడికి అంత ఎత్తు ఎక్కే పనేముంటుంది. నిజం చెబుదామనే నోరు తెరిచాడు. ఆ నోరు ఎప్పుడూ ఆయన మాట విన్నది కాదు.

"ఎన్నిసార్లా?" అన్నాడు. "నువ్వు ఎండాకాలం సంగతి అడుగుతున్నావు. నేను చలికాలంలో కూడా ఒకసారి వెళ్ళొచ్చాను. పెద్ద చెప్పుకోదగ్గదేం కాదులే. జనవరిలో."

"జనవరిలోనా?" అన్నాడు అలోయిస్. "కాలువ కట్టేసి ఉంటే పైన నీకేం పని మామా?"

"అదీ అడగాల్సిన మాట. ఇంట్లో కూర్చుంటే తోచలేదురా. మంచులో దిగబడకుండా కాళ్ళకి మంచుచట్రాలు కట్టుకున్నా, జేబులో కాస్త ఎండుమాంసం పెట్టుకున్నా, ఎక్కేశా. ఎక్కి చూస్తే పైనీళ్ళు లేవు. ఉన్నాయి, కానీ కనపడవు, మొత్తం మంచుగడ్డ, గడ్డ మీద మెత్తటి మంచు. చేత్తో తుడిచి చూస్తే కింద గడ్డ నల్లగా, మా ఆవిడ తోమిన గిన్నెలా మెరుస్తూ ఉంది. చెవి ఆనించి పడుకున్నా. లోపల మూలుగుతోంది. దూరంగా ఎవరో పెద్ద తలుపు తీసినట్టు ఒక మూలుగు, అది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోయి మళ్ళీ వస్తుంది."

ఇక్కడిదాకా నిజమే. పదేళ్ళ కిందట నిజంగానే ఒక జనవరిలో వెళ్ళి విన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు రొట్టె నమలడం ఆపారు. అదే తప్పయింది. ఎవరైనా నమలడం ఆపితే తియోడూల్‌కి ఒళ్ళు తెలియదు.

ఆయనకో అలవాటుంది. కథ ఊపందుకుంటే పిడికిలితో బల్ల మీద తాళం వేస్తాడు. అది ఆయన తాళం కాదు, పైన సుత్తి తాళమే. పదకొండేళ్ళ సావాసం కదా, సుత్తి కొట్టిన క్షణానికే పిడికిలీ పడుతుంది. టక్... టక్...

"అలా మూలుగుతుంటే ఊరుకుంటామా? గొడ్డలి తీసి చిన్న కన్నం పెట్టా. మూర లోతు పోయింది, గడ్డే. బారెడు పోయింది, గడ్డే. ఇంకా కిందికి, ఇంకా కిందికి, చివరికి నా పాదాలే పైన మిగిలాయి, మిగతా మనిషినంతా కన్నంలోనే ఉన్నా. అప్పుడు దిగింది గొడ్డలి. ఆ కన్నంలోంచి ఏమొచ్చిందో తెలుసా?"

"నీళ్ళు" అంది సెరఫీనా.

"నీళ్ళు ఎవరికైనా వస్తాయి. నాకు గడ్డివాసన వచ్చింది. కొత్తగా కోసిన గడ్డివాసన, వెచ్చగా, మొహం మీదికి. కిందటి ఎండాకాలాన్నంతా అడుగున దాచి పెట్టుకుందమ్మా ఆ తల్లి. ఒక తేనెటీగ బయటికి వచ్చింది, నా ముక్కు మీద వాలింది, చుట్టూ మంచు చూసింది, సిగ్గుపడి మళ్ళీ లోపలికి పోయింది. కన్నం జాగ్రత్తగా మూసేసి వచ్చా. లేకపోతే ఎండాకాలమంతా జనవరిలోనే కారిపోయి, ఇప్పుడు మీరంతా ఇక్కడ వణుకుతూ కూర్చునేవాళ్ళు."

నవ్వారు, కానీ ఆ నవ్వులో ఎకసెక్కం లేదు. రెండు కర్రలు బుట్టలో పడ్డాయి. సెరఫీనా నవ్వలేదు. కర్ర పిడికిట్లోనే ఉంది.

"జనవరి సరే" అంది. "తరవాత?"

"తరవాత ప్రతి నెలా. ఒకసారి ఆ మూలుగు విన్నవాడు ఇంట్లో కూర్చోగలడా? ఫిబ్రవరి వదిలెయ్, ఫిబ్రవరిలో మంచు కొండంత ఎత్తుంది, పైనీళ్ళు ఎక్కడున్నాయో కాలితో వెతుక్కోవాల్సి వచ్చింది. మార్చి సంగతి చెబుతా. మార్చిలో ఏమైందో తెలిస్తే మీరు ఆ రొట్టె మింగలేరు."

పిడికిలి బల్ల మీద పడుతోంది. టక్... టక్...

"ఒడ్డున నిలబడి ఉన్నా. ఎదురు కొండ మీద మంచు పగిలింది. చప్పుడు కూడా లేదు ముందు, ఒక తెల్ల గీత, అంతే. ఆ తరవాత కొండకి కొండే కదిలింది. తుమ్మడానికి కూడా టైము లేదు. మంచంతా వచ్చి పైనీళ్ళలో పడింది. పడితే ఏమవుతుంది? కుండలో బండరాయి వేస్తే ఏమవుతుంది? నీళ్ళు లేచాయి. కొన్ని కాదురా. మొత్తం. గడ్డతో, చేపలతో, పైనీళ్ళు పైనీళ్ళుగా గాల్లోకి లేచి, నా నెత్తిమీద నిలబడ్డాయి."

ఒకరిద్దరు తలెత్తి ఆకాశం వైపు చూశారు.

"నిలబడ్డాయి" అన్నాడు తియోడూల్ గొంతు తగ్గించి. "కింద నేల పొడిగా ఉంది. పైన నీళ్ళ కప్పు. ఆ కప్పులోంచి ఎండ దిగుతోంది, చర్చి కిటికీ అద్దాల్లోంచి దిగినట్టు, పచ్చగా, నీలంగా. నా చేతులు చూసుకుంటే చేతులు పచ్చగా ఉన్నాయి. భయం వేయలేదు. ఎందుకు వేయలేదో ఇప్పటికీ తెలియదు. టోపీ తీసేశా. టోపీ తీయాలనిపించే చోటు అది."

అలోయిస్ తెలియకుండానే తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మోకరించి పరలోక ప్రార్థన మొదలుపెట్టా. మొదలుపెట్టాక అర్థమైంది, ఆమెన్ అనేదాకే ఆ నీళ్ళు ఆగుతాయి. ఇక చూడండి, ఒక్కొక్క మాటా లాగి లాగి చెబుతూ నడిచా, అడుగుభాగం మొత్తం చుట్టి వచ్చా. అక్కడ ఏమున్నాయో తెలుసా? తప్పిపోయిన ఆవుల మెడగంటలు ఒక కుప్ప. మా తాత పారేసుకున్న పైపు ఒక రాయి మీద ఉంది. తీసి చూస్తే ఇంకా వెచ్చగా ఉంది. ఒక దమ్ము లాగి, తాత ఎంగిలి కదా, అక్కడే పెట్టి, అవతలి ఒడ్డు ఎక్కి, ఊపిరి పీల్చుకుని, అప్పుడన్నా ఆమెన్."

"అంటే?" అన్నారు ఎవరో.

"అంటే ఏముంది, దిగాయి. చుక్క చిందకుండా, పిల్లని పడుకోబెట్టినట్టు దిగాయి."

బల్ల మీద పిడికిలి ఒక్కటే చప్పుడు చేస్తోంది. చెబుతున్న ఆయనకి కళ్ళ ముందు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. తొమ్మిది నెలలుగా చూడనిదంతా మాటల్లో ఎదురొస్తుంటే, అబద్ధం ఆడుతున్నట్టు ఆయనకే అనిపించలేదు. ఆకలితో ఉన్నవాడు అన్నం గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు.

మే నెలలో గడ్డ పగిలిందట. ఒక పలక మీద తియోడూల్, ఇంకో పలక మీద ఏడు కొండమేకలు. రెండు పలకలూ మూడు రోజులు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి. మేకలు ముందు బెదిరాయి, రెండో రోజుకి అలవాటు పడ్డాయి, మూడో రోజు పెద్దమేక తియోడూల్‌ని చూసి గడ్డం ఊపింది. "పలకలన్నిటినీ నేనే కాలితో తోసి, కాలువ నోటికి అడ్డం పడకుండా ఒక పక్కకి తోలేశా, మందని తోలినట్టు. కాపరన్నాక ఆ మాత్రం చెయ్యొద్దూ" అన్నాడు. ఇది సెరఫీనాకి ఇచ్చిన జవాబు. ఆవిడ పిడికిలి కాస్త వదులైంది.

"ఇక కిందటి ఆగస్టు. సెరఫీనా, ఇందులో నీ ఆవుంది."

"నా ఆవా? ఏ ఆవు?"

"ఆ నల్లది, ఒంటికొమ్ముది. ఆగస్టులో పైనీళ్ళు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు. గాలి లేదు, అల లేదు. ఎదురుగా ఉన్న కొమ్ముకొండ నీళ్ళలో తలకిందులుగా, రాయి రాయీ లెక్కపెట్టుకునేంత తేటగా. ఏది పైకొండో ఏది కిందకొండో తెలియక నేనే తికమకపడి కింది కొండ సగం ఎక్కేశా. అప్పుడు నీ ఆవు దప్పికై వచ్చింది. తాగింది. ఎక్కడ తాగింది? సరిగ్గా కొండ కొస ఉన్న చోట. గుటుకు గుటుకుమని తాగేసి వెళ్ళిపోయింది. నేను తలెత్తి చూస్తే..." తియోడూల్ చెయ్యెత్తి కొమ్ముకొండ వైపు చూపించాడు. దాని కొస పక్కన ఎప్పటి నుంచో ఒక నొక్కు ఉంది. "అదిగో. ఎవరు కొరికారనుకుంటున్నారు దాన్ని?"

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ కొండ వైపు తిరిగాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నొక్కే. అయినా అందరూ మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"అందుకే కాబోలు" అంది సెరఫీనా నెమ్మదిగా, "ఆ ఏడు దాని జున్ను పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేది." అంటూనే నాలిక్కరుచుకుంది. ఆవిడ ఇలాంటివాటికి పడే మనిషి కాదు.

తియోడూల్‌కి ఇక పట్టపగ్గాలు లేవు. కిందటి ఏడు జూన్‌లో ఒడ్డున నిలబడి తన పేరు పెట్టి అరిస్తే మారుమోత రాలేదట. అక్టోబరులో వెళ్తే, చెట్లన్నీ పసుపుపచ్చగా మారి నీళ్ళంతా బంగారంలా ఉంటే, అప్పుడొచ్చిందట, నాలుగు నెలలు కొండలన్నీ తిరిగి, జలుబు చేసిన గొంతుతో. ఆ తరవాత నవంబరు, ఆ తరవాత డిసెంబరు. డిసెంబరులో సరస్సుకి నిద్రొస్తే, గడ్డని దుప్పటిలా లాగి కప్పింది తనేనట. ఒక మూల సరిపోకపోతే తన కోటు కప్పి వచ్చాడట.

"నేను దాని దగ్గరికి వెళ్తున్నాననుకుంటున్నారు మీరు" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పిడికిలి ఆగకుండా పడుతోంది. "కాదు. అది నాలో ఉంది. అది గుటక వేస్తే నా గొంతులో తెలుస్తుంది. దాని నీళ్ళు ఒక్క చుక్క తగ్గితే నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటా. సుత్తి వినడానికి నాకు చెవులెందుకు? ఇదిగో, ఈ గుండెలో కొడుతుంది. టక్. టక్. వినండి. టక్."

సెరఫీనా లేచింది. కళ్ళు తుడుచుకుంది. కర్ర పట్టుకున్న చెయ్యి బుట్ట మీదికి చాపింది.

"నీళ్ళు తగ్గాయి" అన్నాడు ఇగ్నాట్స్.

ఆయన ఏం మాట్లాడినా గట్టిగానే ఉంటుంది, తన గొంతు తనకి వినపడదు కదా. అందరూ అటు తిరిగారు. ముసలాయన తన పాదాల వైపు చూసుకుంటున్నాడు. పొద్దున చీలమండల దాకా ఉన్న నీళ్ళు ఇప్పుడు వేళ్ళ మధ్య సన్నగా జారుతున్నాయి.

తియోడూల్ పిడికిలి గాల్లోనే ఆగిపోయింది. దానితో పాటే చప్పుడూ ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది ఊరికి. పైనుంచి ఏ చప్పుడూ రావడం లేదు. వాళ్ళు ఇంతసేపూ వింటున్నది బల్లని.

"గుడిసె దగ్గర నుంచి ఇక్కడికి నీళ్ళు రావడానికి అరగంట" అన్నాడు అలోయిస్ వేళ్ళు లెక్కపెడుతూ. "అంటే ఆగి అరగంటైంది. అరగంట కిందట మనం ఎక్కడున్నాం?"

"మార్చిలో" అన్నారు ఎవరో. "నీళ్ళు గాల్లోకి లేచినప్పుడు."

సెరఫీనా చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కర్ర జేబులో పెట్టుకుంది.

"అయితే ఇంకా దిగలేదన్నమాట" అంది.

ఎవరూ నవ్వలేదు. తియోడూల్ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు, "అది నేనే ఆపి..." అని మొదలుపెట్టాడు, సెరఫీనా మొహం చూసి మూసేశాడు. మళ్ళీ తెరిచినప్పుడు ఆ గొంతు ఆయనదిలా లేదు.

"కిందటి అక్టోబరు నుంచి నేను పైకి పోలేదు. మోకాలు పోయింది. గుడిసె దగ్గరే ఆగిపోతున్నా." సిగ్గుతో ఆయన మెడ దాకా ఎర్రబడింది. నడుముకున్న గొడ్డలి తనే విప్పి బల్ల మీద పెట్టాడు.

కట్టడి కట్టడే. ముందు చెప్పినవాడికే గొడ్డలి. అలోయిస్ దాన్ని తీసుకెళ్ళి ఇగ్నాట్స్ ఒళ్ళో పెట్టాడు. ముసలాయన పదకొండేళ్ళ తరవాత దాని పిడి నిమిరి చూసుకున్నాడు. తియోడూల్‌ని చూశాడు, కాలు చూశాడు, బల్ల చూశాడు. ఆయనకి మాటలు తెలియకపోయినా సంగతి తెలిసింది.

"కాళ్ళు నావి బాగానే ఉన్నాయి" అన్నాడు. "చెవులే లేవు. వినేవాడు ఒకడు కావాలి. వీణ్ణి ఇవ్వండి."

సెరఫీనా తియోడూల్‌ని చూపించి, నాలుగు వేళ్ళూ బొటనవేలూ కలిపి విప్పుతూ, కొంగముక్కులా ఆడించింది. వీడు వాగుతాడు తాతా అని.

"వాగనీ" అన్నాడు ఇగ్నాట్స్. "నాకేం పోయింది."

సెరఫీనా కర్ర అప్పుడు పడింది బుట్టలో.

పారలు, గునపాలు పట్టుకుని ఊరు ఊరంతా పైకి పరిగెత్తింది. ఇగ్నాట్స్, తియోడూల్ అందరికన్నా వెనక పడ్డారు. ముసలాయన ఆగుతూ ఎక్కాడు, తియోడూల్ ఈడ్చుకుంటూ ఎక్కాడు. గుడిసె దాటాక ఒకచోట తియోడూల్ కూలబడిపోతే ముసలాయన మెడపట్టి లేపాడు. ఆ దారంతా తియోడూల్ ఒక్క మాట మాట్లాడలేదు. వినేవాడు లేక కాదు, చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

వాళ్ళు చేరేసరికి పొద్దు వాలుతోంది. కుర్రకారు కాలువ నోటి దగ్గర గునపాలతో పొడుస్తున్నారు. ఈ ఏటి ఆఖరి మంచుపలక ఒకటి తేలుతూ వచ్చి నోటికి అడ్డం పడి బిగుసుకుపోయింది. కాపరి పైకి వచ్చేవాడైతే నాలుగు రోజుల ముందే ఒక తోపు తోసి పంపేవాడు. ఇగ్నాట్స్ వెళ్ళి గొడ్డలితో ఎక్కడ కొట్టాలో అక్కడ మూడు దెబ్బలు కొట్టాడు. పలక విరిగింది, నీళ్ళు కాలువలోకి దూకాయి.

తియోడూల్ అవేవీ చూడలేదు. ఆయన ఒడ్డున నిలబడిపోయాడు.

పైనీళ్ళు పెద్దవేం కావు. చుట్టూ తిరగడానికి పావుగంట చాలు. నీళ్ళు ఒక పక్క పచ్చగా, ఒక పక్క నల్లగా ఉన్నాయి, అవతలి ఒడ్డున ఇంకా రెండు మంచుపలకలు తెల్లగా తేలుతున్నాయి. కొమ్ముకొండ నొక్కుతో సహా అందులో తలకిందులుగా ఉంది, చిన్న గాలి వచ్చి అది వణికింది, మళ్ళీ కుదురుకుంది. అంతే. దాన్ని చూస్తుంటే ఆయనకి కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇందాక కింద చెప్పిందంతా ఎక్కువ చేసి చెప్పానని సిగ్గుపడ్డాడు కానీ, ఇప్పుడు చూస్తే అది ఎక్కువ కాదు, తక్కువే. దీనికి సరిపోయే అబద్ధం ఇంకా తనకి దొరకలేదు. గునపాలు దించేసిన కుర్రాళ్ళు కూడా నీళ్ళనే చూస్తున్నారు.

చాలాసేపటికి గాలి ఇటు తిరిగింది. కింద నుంచి, సన్నగా, ఉందా లేదా అన్నట్టు వచ్చింది చప్పుడు. అందరికన్నా ముందు తియోడూల్ విన్నాడు. పక్కన నిలబడ్డ ఇగ్నాట్స్ ముంజేతి మీద వేలితో మెల్లగా కొట్టి చూపించాడు. టక్... టక్... ముసలాయన తల ఊపాడు, ఇద్దరూ ఒక రాయి మీద కూర్చున్నారు.

"అది సరే గానీ" అన్నాడు ఇగ్నాట్స్ కొండలన్నీ మోగేలా. "కింద అంతసేపు ఏం చెప్పావురా వాళ్ళకి? అందరూ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు."

తియోడూల్ నోరు తెరిచాడు. జనవరి, మార్చి, ఆగస్టు, అన్నీ గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. చెవిటివాడికి ఏ మాటతో చెబుతాడు. నోరు మూసుకుని, చెయ్యెత్తి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్ళని చూపించాడు.

ఇగ్నాట్స్ ఆ చెయ్యి వెంటే అటు కొస దాకా చూసి, మళ్ళీ ఇటు కొస దాకా చూశాడు.

"ఓస్, ఇదేనా?" అన్నాడు. "దీనికి అంతసేపెందుకు పట్టింది?"